మీకు తెలుసా? జబ్బు సెలవు వెనక ఉన్న లెక్కలు

డబ్లిన్ విమానాశ్రయం దాటి ఉత్తరంగా కాస్త ముందుకు వెళ్తే స్వోర్డ్స్ వస్తుంది. ఫింగల్ కౌంటీకి కేంద్రం ఇదే. 2022 జనగణన నాటికి జనాభా 40 వేలు దాటింది. అదే జనగణనలో ఐర్లండ్ మొత్తం మీద భారత పౌరులు 45,449 మంది ఉన్నట్టు తేలింది. సాఫ్ట్‌వేర్, మందుల తయారీ, నర్సింగ్, విమానాశ్రయ షిఫ్టులు అంటూ ఇటువైపు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ అందులో ఉన్నాయి. నలుగురు కలిస్తే వీసా గురించి, ఇంటి లోన్ గురించి, స్కూల్లో సీటు గురించి మాట్లాడుకుంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి ఎవరూ ఎత్తరు. అందులో వింత లేదు. ఐర్లండ్‌లో ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది 70 ఏళ్ల వయసు అటూఇటూగా. మనవాళ్లలో చాలామంది ఇంకా ముప్పైల్లో, నలభైల్లో ఉన్నారు.

అయినా ఈ దేశంలో క్యాన్సర్ మరణాల్లో మొదటి స్థానం దీనిదే. ఏటా 1,800 మందికి పైగా దీనితో చనిపోతున్నారు. జబ్బు మనిషిని ఎంత బాధ పెడుతుందో అందరికీ తెలుసు. మనిషి పని చేయలేని స్థితికి వచ్చినప్పుడు డబ్బు ఎక్కడెక్కడ నుంచి, ఎంతెంత కారిపోతుందో మాత్రం చాలామందికి తెలియదు. తెలిసి ఉంటే కొన్ని కుటుంబాలైనా ముందే జాగ్రత్త పడతాయి. అందుకే ఈ వారం విషయం ఇది.

వైద్యానికి తక్కువ, నష్టానికి ఎక్కువ

ఐరోపా సమాఖ్య దేశాల్లో 2009లో క్యాన్సర్ వల్ల అయిన మొత్తం ఖర్చు 12,600 కోట్ల యూరోలని 2013లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆసుపత్రులకు, మందులకు అందులో పోయింది 5,100 కోట్లే, అంటే నూటికి నలభై. మిగతా అరవై ఆసుపత్రి గుమ్మం బయటి ఖర్చు. ముందే చనిపోయినవాళ్లు సంపాదించలేకపోయింది 4,260 కోట్లు. బతికి ఉండి పనికి వెళ్లలేనివాళ్లు పోగొట్టుకున్నది 943 కోట్లు. జీతం లేకుండా ఇంట్లోవాళ్లు చేసిన సేవ విలువ 2,320 కోట్లు.

ఇక్కడే ఒక విశేషం ఉంది. వైద్యం ఖర్చు ఒక్కటే చూస్తే అన్నిటికన్నా పైన ఉన్నది రొమ్ము క్యాన్సర్. అన్ని ఖర్చులూ కలిపి చూస్తే మొదటి స్థానంలోకి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చేస్తుంది. ఒక్క ఆ జబ్బు భారమే 1,880 కోట్ల యూరోలు, మొత్తంలో నూటికి పదిహేను. ఆసుపత్రి బిల్లు చూసి దీని బరువు తూచితే సగం కూడా కనిపించదన్నమాట.

తాతయ్య, అమ్మమ్మల పని విలువ ఎంత?

ఐర్లండ్‌కే సంబంధించిన అంచనా ఒకటి 2016లో బీఎంసీ క్యాన్సర్ పత్రికలో వచ్చింది. 2011 నుంచి 2030 వరకు క్యాన్సర్ మరణాల వల్ల దేశం కోల్పోయే పని విలువ 7,300 కోట్ల యూరోలని అందులో లెక్కగట్టారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వాటా 1,440 కోట్లు. ఇక్కడా మొదటి స్థానం దానిదే. పెద్దపేగు క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ఒక్కొక్కటి 830 కోట్లతో చాలా వెనక ఉన్నాయి.

ఆ 7,300 కోట్లలో జీతం వచ్చే పని విలువ 1,300 కోట్లు మాత్రమే. మిగతా 6,000 కోట్లు ఇంటి పనిది. వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్లను చూసుకోవడం, ఇల్లు సర్దడం, పెరడు చూసుకోవడం. ఎవరూ జీతం ఇవ్వని పని.

ఆలోచిస్తే కారణం తేలిగ్గానే అందుతుంది. ఈ జబ్బు ఎక్కువగా ఉద్యోగ విరమణ దగ్గరపడ్డవాళ్లకో, అప్పటికే విరమించినవాళ్లకో వస్తుంది. ఆఫీసు లెక్కలో వాళ్ల సంపాదన అప్పటికే సున్నా. ఇంటి లెక్కలో మాత్రం వాళ్లు తెల్లవారుజాము నుంచి పనిలోనే ఉంటారు. స్వోర్డ్స్‌లో తెలుగు ఇళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేని సంగతి. పసిపాపను చూసుకోవడానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మమ్మ వస్తేనే కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరగలుగుతుంది. ఇక్కడ పిల్లల సంరక్షణ కేంద్రాల ఫీజులు కట్టేవాళ్లకు ఆ పెద్దావిడ ఉనికి విలువ యూరోల్లో కూడా తెలుసు. ఆమెకు ఊపిరి అందక మెట్లు ఎక్కలేని రోజు వస్తే, ఆ ఇంట్లో ఆగిపోయేది ఆమె పని ఒక్కటే అవదు. కూతురి ఉద్యోగమూ ఊగిసలాడుతుంది. అయినా ఏ పేస్లిప్పులోనూ, ఏ సర్కారు దస్త్రంలోనూ ఆమె పేరుండదు. ఇంటి పనికి వెల కట్టి ఈ లెక్కలో చేర్చిన పరిశోధకులు చేసింది గొప్ప న్యాయం అని నా గట్టి నమ్మకం.

ఒకే రోగి, రెండు లెక్కలు

ఒక మనిషి జబ్బుపడి ఉద్యోగం మానేస్తే ఎంత నష్టం? దీనికి అర్థశాస్త్రంలో రెండు జవాబులున్నాయి. మొదటి పద్ధతిలో, ఆ మనిషి ఆరోగ్యంగా ఉండి ఉంటే విరమణ వయసు దాకా సంపాదించేదంతా నష్టం కింద రాస్తారు. రెండో పద్ధతిని 1990లలో నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు ముందుకు తెచ్చారు. ఖాళీ అయిన చోట ఇంకొకరిని పెట్టుకుని, వాళ్లు పని నేర్చుకునేదాకా పట్టే కొద్ది నెలల నష్టాన్నే అందులో లెక్కిస్తారు.

తేడా ఎంత ఉంటుందో ఐర్లండ్ లెక్కలే చెబుతాయి. డబ్లిన్‌లోని నేషనల్ కాలేజ్ ఆఫ్ ఐర్లండ్‌కు చెందిన పాల్ హాన్లీ, ఆయన సహ పరిశోధకులు 2012లో రొమ్ము క్యాన్సర్ మీద రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూశారు. మొదటి పద్ధతిలో ఒక్కొక్క రోగికి 1,93,425 యూరోల నష్టం తేలింది. రెండో పద్ధతిలో 8,103 యూరోలు. సుమారు ఇరవై నాలుగు రెట్ల తేడా! రెండూ తప్పు లెక్కలు కావు. రెండోది కంపెనీకి తగిలిన దెబ్బ. మొదటిది మనిషికీ, అతని ఇంటికీ తగిలినది. కంపెనీ ఆరు నెలల్లో ఇంకొకర్ని తెచ్చుకుంటుంది. ఇంటికి ఆ వెసులుబాటు లేదు. ఏదైనా నివేదికలో నష్టం అంకె చిన్నదిగా కనిపిస్తే, అది ఎవరి నష్టమో ముందు అడగాలి.

ఇదే హాన్లీ బృందం 2015లో ఐరోపా ఖండం మొత్తానికి ఇలాంటి లెక్క వేసింది. 2008లో అకాల క్యాన్సర్ మరణాల వల్ల పోయిన పని విలువ 7,500 కోట్ల యూరోలు. అందులో 1,700 కోట్లు ఊపిరితిత్తుల క్యాన్సర్‌వే.

బతికితేనే మొదలయ్యే ఖర్చు

మొదట చెప్పిన ఐరోపా సమాఖ్య లెక్కలో ఒక అంకె దగ్గర ఆగాలి. చావు వల్ల పోయింది 4,260 కోట్లయితే, పని చేయలేకపోవడం వల్ల పోయింది 943 కోట్లే. అంటే పని చేయలేని స్థితి చిన్న సమస్యా? ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఆ మాట అనలేం. చాలామందిలో ఇది ముదిరాకే బయటపడేది. బయటపడ్డాక ఎక్కువ కాలం ఉండేవాళ్లు కాదు. పని చేయలేని నెలలు లెక్కకొచ్చేలోపే ఆ పేరు మరణాల వరసలోకి వెళ్లిపోయేది.

ఇప్పుడు ఆ పరిస్థితి మారుతోంది. ఐర్లండ్‌లో 1990ల మధ్యలో ఈ జబ్బు వచ్చిన పదిమందిలో ఒక్కరు, అదీ కష్టం మీద, ఐదేళ్లు బతికేవారు. ఇప్పుడది నలుగురిలో ఒకరికి దగ్గరగా వచ్చింది. కణితిలోని జన్యు మార్పును గుర్తించి దానికి తగ్గట్టు ఇచ్చే మాత్రలు, రోగనిరోధక శక్తిని కణితి మీదికి నడిపే ఇంజెక్షన్లు, మెరుగైన శస్త్రచికిత్సలు ఈ మార్పు తెచ్చాయి. ఎన్నడూ సిగరెట్ ముట్టని ఆసియా స్త్రీలలో వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. మాత్రలకు లొంగే రకాల్లో అదొకటి. అంటే మూడు, నాలుగు, ఐదేళ్లు జబ్బుతోనే బతికే మనుషులు పెరుగుతున్నారు. వాళ్లలో కొందరు ఉద్యోగాల్లోనూ ఉన్నారు.

ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో ఊహించండి. ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేశాక నాలుగు మెట్లకే ఆయాసం వస్తుంది. రేడియేషన్ తర్వాత దగ్గు వదలదు. కీమో వారంలో ఏ ఫైలు ఎక్కడ పెట్టారో గుర్తుండదు. కుర్చీలో కూర్చుని చేసే పనైతే ఎలాగో నెట్టుకురావచ్చు. విమానాశ్రయంలో సామాన్లు ఎత్తేవాళ్లకు, ఆసుపత్రి వార్డులో పన్నెండు గంటల షిఫ్టు నిలబడే నర్సుకు, గిడ్డంగిలో పనిచేసేవాళ్లకు ఆ దారి లేదు. ఒకే జబ్బు, ఒకే దశలో ఉన్నా చేసే పనిని బట్టి ఒకరు సగం జీతంతో నిలబడతారు, ఇంకొకరు పూర్తిగా ఇంటికి పరిమితమవుతారు.

104, 260: గుర్తుపెట్టుకోవాల్సిన రెండు అంకెలు

ఐర్లండ్‌లో ప్రతి వారం జీతం నుంచి పీఆర్ఎస్ఐ అనే సామాజిక బీమా చందా కోసుకుంటారు. పేస్లిప్పులో ఆ గడిని చాలామంది మామూలు పన్ను అనుకుని వదిలేస్తారు. జబ్బుపడిన రోజు మనిషిని నిలబెట్టేది ఆ గడే.

ఉద్యోగి జబ్బుతో పనికి వెళ్లలేకపోతే ఇల్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. అది రావాలంటే ఉద్యోగంలో చేరింది మొదలు కనీసం 104 వారాల చందా కట్టి ఉండాలి. ముందటి పన్ను సంవత్సరాల చందాల మీద ఇంకో షరతు కూడా ఉంది. 104 వారాలంటే సరిగ్గా రెండేళ్లు. కొత్తగా క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద వచ్చినవాళ్లకు స్టాంప్ 4, అంటే వర్క్ పర్మిట్ లేకుండా పనిచేసే అనుమతి, వచ్చే గడువూ దాదాపు అంతే. ఆ మొదటి రెండేళ్లూ మనిషి రెండు రకాలుగా బలహీనంగా ఉంటాడు. ఉండే హక్కు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, జబ్బు బీమా ఇంకా మొదలవదు.

సరే, రెండేళ్లు దాటాయి. ఇల్‌నెస్ బెనిఫిట్ 2025లో గరిష్ఠంగా వారానికి 244 యూరోలు. ఏడాదికి 60,000 యూరోల జీతం ఉన్న ఉద్యోగికి వారానికి సుమారు 1,154 యూరోలు పడతాయి. అందులో ఇది ఐదో వంతు. ఇంట్లో ఆధారపడినవాళ్లుంటే కొంత కలుపుతారు. దీని మీద ఆదాయపు పన్ను కూడా పడుతుంది.

ఎంతకాలం వస్తుంది? 104 నుంచి 259 వారాల దాకా చందా కట్టినవాళ్లకు ఒక ఏడాది. 260 వారాలు దాటినవాళ్లకు రెండేళ్లు. 260 అంటే ఐదేళ్లు. శాశ్వతంగా లేదా చాలాకాలం పాటు పని చేయలేనివాళ్లకు ఇచ్చే ఇన్‌వాలిడిటీ పెన్షన్‌కు కావాల్సినవీ అవే 260 వారాలు. అవి కట్టిన వారాలే అయి ఉండాలి. జబ్బు కాలంలో ఖాతాలో వేసే ఉచిత చందాలు ఈ 260లోకి రావు. వేరే షరతుకు మాత్రం పనికొస్తాయి.

ఇప్పుడు నాలుగేళ్ల కిందట స్వోర్డ్స్‌కు వచ్చిన ఒక మనిషిని అనుకుందాం. క్రమం తప్పకుండా చందా కట్టాడు. సుమారు 208 వారాలు. జబ్బు బయటపడింది. ఒక ఏడాది ఇల్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. ఏడాది తర్వాత అది ఆగిపోతుంది. ఇన్‌వాలిడిటీ పెన్షన్‌కు ఇంకా 52 వారాలు తక్కువ, వాటిని కట్టడానికి ఉద్యోగం చేసే ఓపిక లేదు. మిగిలేది డిజెబిలిటీ అలవెన్స్. అది ఇంటి ఆదాయం, ఆస్తి చూసి ఇచ్చేది. భార్యో భర్తో సంపాదిస్తుంటే అదీ లెక్కలోకి వచ్చి, చేతికందేది తగ్గుతుంది, కొన్నిసార్లు ఏమీ మిగలదు. రెండేళ్లకూ ఐదేళ్లకూ మధ్య ఉన్న ఈ ఖాళీ వలస కుటుంబాలకు నిజంగా ప్రమాదకరమైన చోటు. ఆఫీసు ఇచ్చే ఆదాయ రక్షణ బీమా ఉందా, ఉంటే ఎన్ని నెలల తర్వాత మొదలవుతుంది, జీతంలో ఎంత వంతు ఇస్తుంది అన్న ప్రశ్నలు ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజే అడగాల్సినవి.

కాంట్రాక్టర్లుగా, సొంత కంపెనీ పెట్టుకుని పనిచేసే ఐటీ ఉద్యోగులకు మరో మాట. స్వయం ఉపాధి వాళ్లు కట్టేది ఎస్ తరగతి చందా. దాని మీద ఇల్‌నెస్ బెనిఫిట్ రాదు. 2017 డిసెంబరు నుంచి ఇన్‌వాలిడిటీ పెన్షన్‌కు మాత్రం వాళ్లకూ దారి తెరిచారు. రోజు రేటు ఎక్కువ వస్తోందని కాంట్రాక్టులోకి మారేటప్పుడు ఈ తేడాను కూడా కూడికలో వేసుకోవాలి.

2023కు ముందు

ఐర్లండ్‌లో జబ్బు సెలవుకు జీతం ఇవ్వాలన్న చట్టం 2023 జనవరి 1 దాకా లేదు. 2022 నాటి సిక్ లీవ్ చట్టం ఆ రోజు నుంచి ఏడాదికి మూడు రోజులు ఇచ్చింది, 2024లో ఐదు చేసింది. జీతంలో 70 శాతం, రోజుకు 110 యూరోలు మించకుండా. ఆఫీసు మంచిదైతే నెలల తరబడి జీతం ఇస్తుంది, అది వాళ్ల ఇష్టం. చట్టం చేయించేది ఇంతే. సర్కారు బెనిఫిట్‌కు కూడా మొదటి మూడు రోజులు లెక్కలోకి రావు.

మందు చౌక, బతుకు ఖరీదు

ఐరిష్ క్యాన్సర్ సొసైటీ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం క్యాన్సర్ రోగి జేబు నుంచి నెలకు సగటున 756 యూరోలు అదనంగా ఖర్చవుతున్నాయి. జబ్బు వల్ల పని మానేసినా, తగ్గించుకున్నా ఆదాయం నెలకు సగటున 1,500 యూరోలకు పైగా పడిపోతోంది. రెండూ కలిపితే ఇంటి లోన్ వాయిదా కన్నా పెద్ద అంకె. అన్ని రకాల క్యాన్సర్లకూ కలిపి వేసిన సగటు ఇది.

ఆ 756 యూరోలు ఏమిటని అడగాలి. మందులనుకుంటాం మనం. కుటుంబం నెలకు మందుల మీద పెట్టాల్సిన ఖర్చు 2022 మార్చి నుంచి 80 యూరోలకు మించకుండా డ్రగ్స్ పేమెంట్ స్కీమ్ ఆపుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మంచం రుసుము 2023 ఏప్రిల్‌లో ఎత్తేశారు. కానీ ఆసుపత్రి పార్కింగ్, పెట్రోలు, జీపీ (స్థానిక డాక్టర్) ఫీజు, చలికి తట్టుకోలేని ఒంటికి రోజంతా హీటర్, వండుకునే ఓపిక లేక కొనుక్కునే తిండి, పిల్లల్ని చూసుకునే మనిషికి ఇచ్చే డబ్బు ఉంటాయి. చిల్లర ఖర్చులు అంటాం గానీ, జీతం ఐదో వంతుకు పడిపోయిన ఇంట్లో అవి చిల్లర కావు.

స్వోర్డ్స్ వాళ్లకు దగ్గరి క్యాన్సర్ కేంద్రాలు బోమాంట్, మాటర్ ఆసుపత్రులు. దేశంలోని ఎనిమిది గుర్తింపు పొందిన కేంద్రాల్లో రెండూ ఉన్నాయి. స్వోర్డ్స్‌కు రైలు స్టేషన్ లేదు, బస్సో కారో దిక్కు. 2025 అక్టోబరులో అనుమతి పొందిన మెట్రోలింక్ రైలు మార్గం స్వోర్డ్స్ మీదుగా మొదలై విమానాశ్రయం, మాటర్ ఆసుపత్రి పక్కగా నగరంలోకి వెళ్తుంది. అది నడిచే రోజు ఇంకా చాలా దూరం. ఈలోగా కీమోకు వెళ్లి రావడానికి ఐరిష్ క్యాన్సర్ సొసైటీ స్వచ్ఛంద డ్రైవర్లను పంపే సేవ నడుపుతోంది. అడిగితే వస్తారు. అడగడానికి మొహమాటపడేవాళ్లే మనలో ఎక్కువ. సొసైటీ ఉచిత ఫోన్ నంబరు 1800 200 700.

మన దగ్గర

తెలుగు నేల మీద కష్టం రెండో వైపు నుంచి వస్తుంది. ఐర్లండ్‌లో వైద్యం చౌక, ఆదాయం పోవడం భారం. మన దగ్గర చాలా కుటుంబాలను ముందు వైద్యమే మింగేస్తుంది, ఆదాయం సంగతి ఆ తర్వాతే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రి బిల్లు భారాన్ని చాలావరకు మోసింది. మంచం పట్టిన రోజుల కూలి సంగతి మాత్రం చాలా ఏళ్లు ఎవరూ తలకెత్తుకోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరు 2న గుంటూరులో ఆరోగ్య ఆసరా మొదలుపెట్టింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలంలో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. అంకె చిన్నదే. కానీ పని చేయలేని రోజుకు ఒక వెల ఉందని, ఆ వెల కూలి మనిషికీ దక్కాలని ఒప్పుకున్న పథకం అది. ఆ ఒప్పుకోలు నాకు పెద్ద విషయంగా తోస్తుంది.

సంఘటిత రంగంలో 1948 నాటి చట్టంతో వచ్చిన ఈఎస్ఐ పథకం ఉంది. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం. క్యాన్సర్ సహా 34 దీర్ఘకాలిక జబ్బులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా. దానికి రెండేళ్ల సర్వీసు ఉండాలి. హైదరాబాద్ సనత్‌నగర్‌లో పనిచేసే కార్మికుడికీ, స్వోర్డ్స్‌లో ఉండే ఇంజినీరుకూ గడప ఒకేచోట ఉండటం చూడండి. జీతంలో వంతుగా చూస్తే సనత్‌నగర్ కార్మికుడికే ఎక్కువ దక్కుతుంది! కాకపోతే ఈఎస్ఐలో ఉండాలంటే నెల జీతం 21,000 రూపాయలు దాటకూడదు. తెలుగు రాష్ట్రాల్లో కూలీనాలీ చేసుకునే మెజారిటీ జనం అసలు ఆ పథకం పరిధిలోకే రారు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన పొగాకు వల్ల 2017-18లో భారతదేశం మీద పడ్డ భారం 1,77,341 కోట్ల రూపాయలని ఒక అధ్యయనం తేల్చింది. దేశ స్థూలోత్పత్తిలో ఒక శాతానికి పైనే. అందులో వైద్యం ఖర్చు 22 శాతం. మిగతా 78 శాతం జబ్బు వల్ల, అకాల మరణం వల్ల పోయిన పని. ఒక్క బీడీ వల్లే 2017లో 80,550 కోట్లు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఆ బీడీలు చుట్టి బతికే స్త్రీలకు వచ్చేది వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. వాళ్లు రోజంతా పొగాకు పొట్టు మధ్య కూర్చుంటారు. ఆ పరిశ్రమ పైకి చూపే ఉపాధి అంకెల పక్కన ఈ 80,550 కోట్ల అంకెను ఎవరైనా అచ్చువేస్తే బాగుండునని అనిపిస్తుంది.

పక్కన కూర్చునేవాళ్లకూ చట్టం ఉంది

ఐర్లండ్‌లో 2001 నాటి కేరర్స్ లీవ్ చట్టం ప్రకారం, పూర్తికాలం తోడు కావాల్సిన మనిషిని చూసుకోవడానికి ఉద్యోగి 13 నుంచి 104 వారాల దాకా సెలవు తీసుకోవచ్చు. ఆఫీసు జీతం ఇవ్వదు, ఉద్యోగం మాత్రం నిలిచి ఉంటుంది. ఒకే యజమాని దగ్గర 12 నెలలు పనిచేసి ఉండాలి. తగినన్ని పీఆర్ఎస్ఐ చందాలుంటే ఆ కాలానికి కేరర్స్ బెనిఫిట్ వస్తుంది. భర్తకు జబ్బు చేయగానే భార్య రాజీనామా ఇచ్చేయడం మన ఇళ్లలో మామూలు. రాజీనామా రాసేముందు ఈ చట్టం చదవాలి.

జబ్బుపడ్డ మనిషికీ రక్షణ ఉంది. 1998 నాటి ఉద్యోగ సమానత్వ చట్టాల్లో వైకల్యానికి ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. దీర్ఘకాలిక జబ్బూ అందులోకి వస్తుంది. పని వేళలు సర్దడం, ఇంటి నుంచి చేయనివ్వడం, బరువు పని మార్చడం లాంటి సహేతుకమైన ఏర్పాట్లు యజమాని చేయాలి. సగం ఓపికతో తిరిగి పనిలో చేరేవాళ్లకు 2012లో వచ్చిన పార్షియల్ కెపాసిటీ బెనిఫిట్ ఉంది. ఆరు నెలలు ఇల్‌నెస్ బెనిఫిట్ మీద ఉన్నవాళ్లు, లేదా ఇన్‌వాలిడిటీ పెన్షన్ పొందుతున్నవాళ్లు, పని చేసుకుంటూనే బెనిఫిట్‌లో కొంత భాగం పొందవచ్చు. ఎన్ని గంటలు పనిచేయాలి, ఎంత సంపాదించాలి అన్న పరిమితి లేదు. నాకు ఈ పథకం మీద ప్రత్యేకమైన అభిమానం. 'పని చేయగలవా, లేవా' అని రెండే గడులు పెట్టి ఏదో ఒకటి టిక్ చేయమనే వ్యవస్థలో మధ్య గడి ఒకటుందని ఇది ఒప్పుకుంటుంది.

పొగ తాగని ఇంట్లోకి వచ్చే వాయువు

2004 మార్చి 29న పని చేసే చోట్లన్నిటా పొగ తాగడాన్ని నిషేధించిన మొదటి దేశం ఐర్లండ్. పబ్బులు, హోటళ్లు సహా. అది కార్మికుల ఊపిరితిత్తులను కాపాడటానికి తెచ్చిన నిబంధన. బార్‌లో గ్లాసులు అందించే మనిషి ఇతరుల పొగ పీల్చి జబ్బుపడకూడదన్నది దాని వాదన.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకు తర్వాత రెండో కారణం అంత ప్రచారంలో లేదు. రాళ్లలోని యురేనియం క్షీణిస్తూ రేడాన్ అనే వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. నేలలోంచి ఇంట్లోకి చేరి గది గాలిలో పోగవుతుంది. ఐర్లండ్‌లో ఏటా సుమారు 350 ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసులకు దీనితో సంబంధం ఉందని ఇక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 200 బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలమానం) దాటకూడదన్నది ప్రమాణం. పొగ తాగేవాళ్లున్న ఇంట్లో ఇది మరింత ప్రమాదం. ఒకే మోతాదు రేడాన్‌తో వాళ్లకు ముప్పు తాగనివాళ్ల కన్నా సుమారు 25 రెట్లు ఎక్కువ.

స్వోర్డ్స్‌లో ఆపిల్‌వుడ్, హోలీవెల్, మిల్లర్స్ గ్లెన్ లాంటి కొత్త కాలనీల్లో ఉండేవాళ్లకు ఒక సంగతి. 1998 జులై తర్వాత కట్టిన ఇళ్ల నేల కింద రేడాన్‌ను బయటికి లాగేందుకు ఒక గుంత వదిలిపెట్టాలన్నది నిబంధన. చాలా ఇళ్లలో అది నిద్రాణంగానే ఉంటుంది. కొలిచి, ఎక్కువని తేలాక దానికి ఫ్యాన్ బిగిస్తేనే పనిచేస్తుంది. కొలవడానికి రెండు చిన్న డిటెక్టర్లు మూడు నెలలు ఇంట్లో ఉంచితే చాలు. ఒకటి హాల్లో, ఒకటి పడకగదిలో.

ఒక్క శాతం

ఐర్లండ్ మీద వేసిన ఆ 7,300 కోట్ల అంచనాలోనే ఇంకో లెక్క ఉంది. క్యాన్సర్ మరణాలు ఏటా ఒక్క శాతం చొప్పున తగ్గినా ఇరవై ఏళ్లలో 850 కోట్ల యూరోల పని నష్టం తప్పుతుంది. ఆ ఒక్క శాతం ఎక్కడ దొరుకుతుంది? అమెరికాలో 53 వేలమందికి పైగా పాల్గొన్న పరీక్షలో, విపరీతంగా పొగతాగే అలవాటున్నవాళ్లకు తక్కువ మోతాదు సీటీ స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గినట్టు 2011లో తేలింది. స్వోర్డ్స్ ఉన్న ఉత్తర డబ్లిన్‌లోనూ, ఈశాన్య ప్రాంతంలోనూ బోమాంట్ ఆర్‌సీఎస్‌ఐ క్యాన్సర్ కేంద్రం ఇలాంటి ప్రయోగాత్మక తనిఖీ చేపట్టింది. పొగతాగే, లేదా ఒకప్పుడు తాగిన 55 నుంచి 74 ఏళ్లవాళ్లు దాని లక్ష్యం. మూడు వారాలు దాటినా వదలని దగ్గు, దగ్గులో రక్తపు చార కనిపిస్తే ఏ వయసువాళ్లయినా జీపీ దగ్గరికి వెళ్లాలి. వాళ్లు త్వరగా చూసే ఊపిరితిత్తుల క్లినిక్‌కు పంపగలరు.

ఇంటి లోన్ తీసుకునేవాళ్లకు

ఐర్లండ్‌లో ఇల్లు కొనాలంటే లోన్ రక్షణ బీమా దాదాపు తప్పనిసరి. క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లకు ఆ బీమా దొరకడం చాలాకాలం గగనమే అయింది. 2023 డిసెంబరు నుంచి బీమా సంస్థలు ఒక నియమావళికి కట్టుబడ్డాయి. చికిత్స పూర్తయి ఏడేళ్లు దాటితే 5 లక్షల యూరోల వరకు లోన్ రక్షణ విషయంలో పాత క్యాన్సర్‌ను లెక్కలోకి తీసుకోరు. పద్దెనిమిదేళ్ల లోపు జబ్బు వచ్చినవాళ్లకు ఐదేళ్లు చాలు.

చివరగా, పీఆర్ఎస్ఐ చందాలు ఎన్ని వారాలయ్యాయో మైవెల్ఫేర్ సైట్‌లో అడిగితే సర్కారే ఉచితంగా జాబితా పంపుతుంది. పాత యజమాని కట్టడం మరిచిపోయిన వారాలేమైనా ఉంటే అందులో తెలిసిపోతాయి, సరిచేయించుకోవచ్చు.